మైక్ ట్రౌట్ అంతటి ఆటగాడికి ప్లేఆఫ్స్‌లో ఒక్క విజయమూ ఎందుకు దక్కలేదు?

అమెరికా బేస్‌బాల్ జట్టు లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ ఆటగాడు మైక్ ట్రౌట్ 2014, 2016, 2019లలో అక్కడి రెండు ప్రధాన లీగ్‌లలో ఒకటైన అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైనా, 2025 వరకు ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ దశ) ఆడింది 2014లో ఒక్కసారే. అప్పుడు కూడా కాన్సాస్ సిటీ రాయల్స్ చేతిలో అతని జట్టు వరుసగా మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది.

ఈ లోపం ప్రధానంగా జట్టుదేనని నా అభిప్రాయం. బేస్‌బాల్‌లో తొమ్మిది మంది వంతులవారీగా బ్యాటింగ్ చేయాలి కనుక, క్రికెట్ ఓపెనర్‌లా రోజంతా క్రీజులో నిలిచి జట్టును గట్టెక్కించడం ఒక్కడి వల్ల కాదు. జపాన్ స్టార్ ఆటగాడు షోహెయి ఒహ్తాని తోడైన ఆరు సీజన్లలోనూ, ముఖ్యంగా పిచింగ్ (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) బలహీనత వల్ల, ఏంజెల్స్‌కు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ.

దానికి గాయాలు తోడయ్యాయి. 2021లో పిక్క కండరం దెబ్బతిని, 162 మ్యాచ్‌ల సీజన్‌లో అతడు 36 మాత్రమే ఆడాడు. 2023 జూలైలో బంతిని ఫౌల్‌గా, అంటే ఆట గీతల బయటికి, కొట్టిన క్షణంలోనే, బ్యాటు పిడి చివర ఒత్తుకునే చోట అరచేతి మొదట్లో ఉండే హేమేట్ అనే చిన్న ఎముక విరిగింది. అన్నిటికన్నా బాధాకరమైనది 2024: 29 మ్యాచ్‌లలోనే 10 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టి మంచి ఊపులో ఉండగా ఎడమ మోకాలిలోని మెత్తని ఎముక పొర (మెనిస్కస్) చిరిగింది, శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్న దశలో అదే మళ్లీ చిరగడంతో ఆ సీజన్ అక్కడితో ముగిసింది.