రెండు ఖాళీ పేజీలు మిగిలాయని అమ్మాయి దారి మార్చేస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు ఈ ఏడాదితో అయిపోయింది. బొమ్మలు బాగా వేస్తుంది. సెలవుల్లో మా నాన్నగారు చెప్పిన ఒక కథకి బొమ్మలు వేసి, 26 పేజీల చిన్న పుస్తకంగా తయారుచేసి, ప్రెస్సులో 50 కాపీలు వేయించింది. రంగులు మసకగా వచ్చాయి, మధ్య పేజీల్లో అక్షరాలు అంచున తెగిపోయాయి, చివర్లో రెండు ఖాళీ పేజీలు మిగిలాయి. రెండు రోజులు ఏడ్చి, ఇప్పుడు మళ్ళీ వేయిస్తానంటోంది. పైగా బుక్ డిజైనే చదువుతానంటోంది. తెలిసినవాళ్ళంతా యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్ల రూపకల్పన) కోర్సులో చేర్పించమంటున్నారు. ఈ రోజుల్లో పుస్తకాలు ఇంకెవరు చదువుతారండీ? రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: ఈ "ఇంకెవరు" అనే మాట కెరీర్ కౌన్సెలర్‌నైన నాకు వారానికి ఒకసారైనా వస్తుంది. ఫొటోగ్రఫీ అంటే చేతిలో ఫోన్ ఉండగా ఇంకెవరు పిలుస్తారు అంటారు, అనువాదం అంటే మెషీన్ ఉండగా ఇంకెవరు చేయిస్తారు అంటారు. అడిగేది ఆ రంగం భవిష్యత్తు గురించే, కానీ లోపల నలిగేది వేరే ప్రశ్న: "మీ అమ్మాయి ఏం చదువుతోంది అని నలుగురూ అడిగితే నేనేం చెప్పాలి?" యూఎక్స్ అంటే ఇంకో ప్రశ్న రాదు. బుక్ డిజైన్ అంటే, అదేంటి, ప్రింటింగ్ ప్రెస్సా అని అడుగుతారు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, తప్పని కూడా అనను. కాకపోతే దాన్ని అమ్మాయి కెరీర్ ప్రశ్నగా మార్చకండి.

ఎంట్రన్సులు, తేదీలు, సిలబస్‌ల జోలికి నేను పోవట్లేదు, అవి మీ అమ్మాయి ఇప్పటికే చూసే ఉంటుంది. ముందు పాడైందంటున్న ఆ పుస్తకం సంగతి చూద్దాం.

ఖాళీ పేజీలు ఎందుకు మిగిలాయి? కాగితాన్ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అలా మడిచిన కాగితాలని ఒకదానిలో ఒకటి పెట్టి నడుమ పిన్ను కొడతారు కాబట్టి, సెంటర్ పిన్నింగ్ పుస్తకంలో పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. 26 భాగించబడదు, 28 అవుతుంది. ఆ రెండూ ప్రెస్సువాళ్ళ పొరపాటు కాదు, అమ్మాయి అలసత్వమూ కాదు, ఈ లెక్క ఆమెకి ఇంకా ఎవరూ చెప్పకపోవడం. పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో ఉండటానికీ ఈ మడతల లెక్కే కారణం, పదహారు పేజీల ఫారాలు (మడిచిన పెద్ద షీట్లు) రెండు.

అక్షరాలు మధ్య పేజీల్లోనే ఎందుకు తెగాయో తెలియాలంటే ఇప్పుడే ఏడు కాగితాలు తీసుకుని కలిపి మధ్యకి మడవండి. నిజంగానే మడవండి. అంచు వైపు వేలు పెట్టి చూస్తే లోపలి కాగితాలు బయటివాటికన్నా కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. కటింగ్ మెషీన్ బ్లేడు ఆ అంచుని నిటారుగా కోసేస్తుంది, అంటే అందరికన్నా ఎక్కువ కోత పడేది నడిమి పేజీలకే. మొదటి పేజీలో క్షేమంగా ఉన్న వాక్యం పద్నాలుగో పేజీకి వచ్చేసరికి అంచుకి దగ్గరైపోతుంది. దీనికి మందు సులువే. అక్షరాలని అంచు నుంచి కనీసం ఒక సెంటీమీటరు లోపల ఉంచాలి, అంచుదాకా వెళ్ళే బొమ్మలనేమో కోతగీత దాటి మరో 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించాలి. దాన్నే బ్లీడ్ అంటారు. బ్లేడు అటూఇటూ జరిగినా తెల్ల గీత కనిపించకుండా కాపాడేది అదే.

రంగులంటారా, ఇది అందరికీ తగిలే దెబ్బే. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. సయాన్ అనే నీలం, మజెంటా అనే గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు సిరాలు కలిపి తెరమీద మెరిసే ఆ చిలకపచ్చనీ, ఆ ముదురు నీలాన్నీ తేవడం కుదరదు. దానికితోడు కోటింగ్ లేని కాగితమైతే సిరా కొంత పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి, బొమ్మ మొత్తం ఒక మెట్టు చీకటిపడుతుంది. భూతద్దం ఉంటే ఆమె పుస్తకంలో ఒక నల్ల అక్షరం చూడండి. అంచున గులాబీ, నీలం ఈకల్లా కనిపిస్తే, నలుపు ఒక్క సిరాతో పడాల్సింది నాలుగు సిరాలతో పడిందని అర్థం, వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం మసకేస్తుంది. ఇవన్నీ ఫైల్లో సరిచేసుకోగలిగినవే.

నాకు ఇంత నమ్మకంగా ఎలా తెలుసంటే, నేనూ ఒకసారి చేయి కాల్చుకున్నాను. పిల్లలకి పంచడానికి 16 పేజీల సలహాల పుస్తకం ఒకటి వేయించాను. తెలివిగా పక్కపక్క పేజీలు రెండేసి జతచేసి ఫైలు ఇచ్చాను, చదివే వరసలో ఎలా కనిపిస్తాయో అలాగే. నిజానికి ప్రింటయ్యే షీటు మీద 1 పక్కన 16 ఉంటుంది, 2 పక్కన 15 ఉంటుంది, ఏ జత కలిపినా 17 రావాలి. ఆ అమరిక ప్రెస్సువాళ్ళే చేసుకుంటారు, మనం విడి పేజీలు ఇస్తే చాలు. నేనిచ్చిన దాన్ని ఉన్నదున్నట్టు వేసి పిన్నుకొడితే "భయపడకండి" అన్న హెడ్డింగు కింద ఫీజుల పట్టిక వచ్చింది. నేను రెండోసారి వేయించలేదు, సిగ్గేసి మానేశాను. మీ అమ్మాయి వేయిస్తానంటోంది. ఆమెకీ నాకూ తేడా అక్కడే ఉంది. నేను కౌన్సెలర్‌నయ్యాను, ఆమె బుక్ డిజైనర్ కాగలదు.

ఇప్పుడు ఆ యూఎక్స్ కోర్సు. ఆ రంగం మీద నాకు కోపం లేదు, మంచి పని, మంచి బుర్రలు కావాల్సిన పని. నా అనుమానమంతా దాన్ని అమ్మే తీరు మీదే. ఆరు నెలల్లో డిజైనర్ అయిపోవచ్చని చెప్పే కోర్సుల నుంచి వచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు నా ముందు తెరుస్తుంటారు. ఒక టికెట్ బుకింగ్ యాప్, ఒక బ్యాంకు యాప్, గోడనిండా రంగురంగుల స్టికీ నోట్ల ఫొటో, ఇద్దరు ఊహాజనిత వినియోగదారుల బొమ్మలు. పేరు తీసేస్తే ఏది ఎవరిదో తల్లిదండ్రులు కూడా గుర్తుపట్టలేరు. ఉద్యోగమిచ్చేవాడు మాత్రం ఎలా గుర్తుపడతాడు? పైగా సాదాసీదా స్క్రీన్‌లు గీసిపెట్టే పని ఇప్పుడు ఏఐ టూల్స్ నిమిషాల్లో చేసేస్తున్నాయి, కొత్తగా చేరేవాళ్ళ చేతికిచ్చే పని కూడా సరిగ్గా అదే. ఇందులో నిలబడినవాళ్ళని గమనిస్తే అక్షరం సైజు, ఖాళీ జాగా, కన్ను మొదట ఎక్కడ ఆగుతుంది, తర్వాత ఎటు పోతుంది, ఇవి ముందే వంటబట్టినవాళ్ళే కనిపిస్తారు. ఇవి నేర్చుకోవడానికి బొమ్మల పుస్తకాన్ని మించిన బడి నాకు తెలియదు. పేజీ తిప్పడమనే ఒక్క సంగతి చూడండి. పులి ఎక్కడుందో అన్న మాట కుడి పేజీ చివర ఉండాలి, పులి మాత్రం తిప్పాక కనిపించాలి. ఎదురెదురు పేజీల్లో రెండూ పడితే కథ చచ్చినట్టే.

మీ తెలిసినవాళ్ళు ఇంకా చెప్పి ఉండకపోతే రేపో మాపో చెప్పే మాట మరొకటుంది: ఏఐతో వారాంతంలో బొమ్మల పుస్తకం చేసి ఆన్‌లైన్‌లో అమ్మేయొచ్చుగా, నాలుగేళ్ళ చదువెందుకు అని. ఆ వరద ఎంతదాకా వచ్చిందంటే 2023 సెప్టెంబరులో అమెజాన్, ఎవరి పుస్తకాన్ని వాళ్ళే ప్రచురించుకునే తన వేదిక కేడీపీలో ఒక్కొక్కరూ రోజుకి మూడు కొత్త పుస్తకాలకి మించి పెట్టకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. రోజుకి మూడు! అక్కడ పోటీకి దిగమని నేను ఏ పిల్లకీ చెప్పను.

సరే, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రంగులు పాడయ్యాయని రాశారు, ఖాళీ పేజీలు లెక్కపెట్టారు, తెలిసినవాళ్ళు ఏమన్నారో రాశారు. కథ దేని గురించో ఒక్క ముక్క రాయలేదు. అది మీ నాన్నగారి కథ! చిన్నప్పుడు మీరూ విన్నదే అయ్యుంటుంది. అమ్మాయి ఒక సెలవంతా కూర్చుని దాన్ని కాగితం మీదకి తెస్తే, మీరు దాన్ని ప్రూఫ్‌రీడర్‌లా తప్పులకోసం తిరగేశారు తప్ప చదివినట్టు లేదు. చదివుంటే క్షమించండి, కానీ ఉత్తరం అలా చెప్పట్లేదు. ఆమె రెండు రోజులు ఏడ్చింది రంగుల కోసమేనని మీరు గట్టిగా చెప్పగలరా?

పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెప్తాను. ఈ పనికి దగ్గరగా మూడు చదువులున్నాయి. గ్రాఫిక్ లేదా కమ్యూనికేషన్ డిజైన్ డిగ్రీ ఒకటి. అక్షరం, లేఅవుట్ ప్రధానంగా ఉంటుంది, పుస్తకాల నుంచి యూఎక్స్ దాకా ఎటైనా పోవచ్చు. రెండోది ప్రింటింగ్ టెక్నాలజీ, ఇది ఇంజినీరింగ్ చదువే. సిరా, కాగితం, యంత్రాలు, రంగుల కొలత, ప్యాకేజింగ్ వైపు ఉద్యోగాలు ఎక్కువ. మూడోది చిత్రకళ, ఇలస్ట్రేషన్. చేయి బాగా తిరుగుతుంది, లేఅవుట్ సొంతంగా నేర్చుకోవాలి. మీ అమ్మాయికి మొదటిది సరిపోతుందనిపిస్తోంది, ఎందుకంటే బొమ్మ వేసి ఊరుకోకుండా పుస్తకం దాకా తీసుకెళ్ళింది. అందులో చేరితే యూఎక్స్ తలుపు మూసుకుపోదు. ఇప్పుడే యూఎక్స్ షార్ట్ కోర్సులో చేరితే మాత్రం వెనక్కొచ్చి అక్షరాలు దిద్దుకునే తీరిక చాలామందికి దొరకదు.

డబ్బు సంగతి దాచను. పుస్తకాలు మాత్రమే డిజైన్ చేసి బతికేవాళ్ళు తక్కువ, ఆ ఆదాయం నెలనెలా ఒకేలా రాదు. చాలామంది పుస్తకాలతోపాటు పత్రికలు, ప్యాకేజింగ్, సంస్థల నివేదికలు, ఎగ్జిబిషన్ బోర్డులు కూడా చేస్తారు. మరో మాట, మన లిపి తెలిసిన డిజైనర్‌కి ఒక ప్రత్యేకత ఉంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్ కోసం కొలిచిన లైన్ స్పేసింగ్ పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, మన లిపుల్ని సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే "స్త్రీ" ముక్కలైపోయే ప్రమాదముంది. పాత నాన్‌యూనికోడ్ ఫాంటులో కొట్టిన కథని కాపీచేస్తే చెత్త గుర్తులు వస్తాయి. ఇవి చూసి పట్టుకునే కన్ను ఏ షార్ట్ కోర్సులోనూ దొరకదు.

సొంత ఖర్చుతో కొన్ని కాపీలు వేసుకోవడం పిల్లతనం అనుకుంటున్నారేమో. పీటర్ రాబిట్ అనే కుందేలు కథతో పేరుపొందిన ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఆ కథని ప్రచురణకర్తలు వద్దంటే 1901 డిసెంబరులో సొంతంగా 250 కాపీలు వేయించుకుంది, పిల్లల చేతుల్లో పట్టేంత చిన్న సైజులో, లోపల బొమ్మలు నలుపు తెలుపులో. వద్దన్నవాళ్ళలో ఒకరే ఆ తర్వాత రంగుల్లో వేస్తామని ఒప్పుకుని 1902లో ప్రచురించారు. మీ అమ్మాయి ఆవిడంత అవుతుందని నేను హామీ ఇవ్వను, ఎవరూ ఇవ్వలేరు. మొదటి చిన్న ముద్రణ అనేది ఈ పనిలో ఒక మామూలు మెట్టు అని మాత్రమే చెప్తున్నాను. టెన్షన్ పడకండి, ఆమె ఆ మెట్టు మీద సరిగ్గానే ఉంది, చాలామంది డిజైన్ విద్యార్థులు రెండో ఏడాదిలో చేసే తప్పులు కాలేజీకి వెళ్ళకముందే చేసేసింది.

రెండో ముద్రణ వేయించుకోనివ్వండి. 50 కాపీలంటే అది డిజిటల్ ప్రింటే అయ్యుంటుంది, ఆఫ్‌సెట్‌లో లాగా రంగుకొక ప్లేటు చేయించాల్సిన పనిలేదు కాబట్టి పాత ప్లేట్లు వృథా అయ్యే గొడవ లేదు, కావాలంటే ఈసారి ఇరవై కాపీలే వేయించమనండి. ముందు తెల్లకాగితాలు మడిచి పిన్నుకొట్టి, పేజీలకి నంబర్లు వేసి పెన్సిల్‌తో ఒక డమ్మీ చేసుకోమనండి. అసలు కాగితం మీదే ఒక ప్రూఫ్ కాపీ తీయించి, దాన్ని పగటి వెలుతురులో చూశాకే మిగతావి వేయమని చెప్పాలి. మీరు ప్రెస్సుకి తోడు వెళ్ళండి, మాట్లాడటం మాత్రం ఆమెకే వదిలేయండి. మెషీన్ దగ్గర నిలబడి ఆమె ఏం అడుగుతోందో వింటే కోర్సు సంగతి నన్ను అడగాల్సిన పని మీకు సగం తగ్గిపోతుంది.

ప్రూఫ్ చదవడానికి మీ నాన్నగారిని కూర్చోబెట్టండి. కథలో ఏదైనా తప్పుంటే ఆయనకే తెలుస్తుంది. ఆ తర్వాత మీరూ చదవండి. ఈసారి పేజీలు 28 ఉంటాయి, మిగిలిన ఆ రెంటిలో ఏం పెట్టాలన్నది ఆమె ఇష్టం.