సీసీఎన్ఏ అయింది, వైర్‌లెస్‌లోకి వెళ్లాలంటే తర్వాత ఏ సర్టిఫికేషన్?

సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే తొలి మెట్టు నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) పూర్తయింది, వై-ఫై వైపు వెళ్లాలనుంది, సీడబ్ల్యూఎన్ఏ (ఏ ఒక్క కంపెనీ పరికరాలకీ పరిమితం కాని వై-ఫై సర్టిఫికేషన్) రాయాలా, సిస్కోలోనే పై పరీక్షకి వెళ్లాలా అని అడిగారు. నేనైతే సీడబ్ల్యూఎన్ఏ రాయమంటాను.

నేనూ ఒక్క సీసీఎన్ఏతోనే ఈ పనిలోకి వచ్చాను. కొత్తలో ఒక ఆఫీసులో వై-ఫై కాల్స్ తెగిపోతున్నాయని కంప్లెయింట్ వచ్చింది. సిగ్నల్ చాలట్లేదనుకుని యాక్సెస్ పాయింట్లన్నిటికీ (వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) పవర్ పూర్తిగా పెంచేశాను. మర్నాడు కాల్స్ ఇంకా ఎక్కువ తెగాయి. ఫోన్లలో చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి! రెండు రోజులు వీలాన్లు, డీహెచ్‌సీపీ, స్విచ్ పోర్టులు అంటూ వైర్ల వైపు సెట్టింగులే తిరగేశాను. అక్కడ ఏ లోపమూ లేదు.

నేను చేసిన తప్పేంటో సీడబ్ల్యూఎన్ఏ చదివేటప్పుడు తెలిసింది. యాక్సెస్ పాయింట్ మాట ఫోన్‌కి వినిపిస్తోంది, ఫోన్ మాట దానికి చేరట్లేదు. ఫోన్ పవర్ తక్కువ కదా. పైగా పక్క యాక్సెస్ పాయింట్‌కి మారాలా వద్దా అన్నది ఫోనే తేల్చుకుంటుంది. గీతలు నిండుగా కనిపిస్తుంటే అదెందుకు కదులుతుంది? ఒకే ఛానెల్లో ఉన్న యాక్సెస్ పాయింట్లేమో ఒకదాని మాట ఒకటి విని, వంతు కోసం ఆగుతూ కూర్చుంటాయి. పవర్ తగ్గించి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు సరిగ్గా పంచి, ఎక్కువైన రేడియోలు (యాక్సెస్ పాయింట్లో సిగ్నల్ పంపే భాగాలు) ఆపేశాక కుదుటపడింది. 3 డీబీ (డెసిబెల్స్) పెరిగితే పవర్ రెట్టింపు, 10 డీబీకి పది రెట్లు అన్న లెక్క నాకు ముందే వచ్చుంటే పవర్ జోలికి అలా వెళ్లేవాణ్ణి కాదు.

సీసీఎన్ఏ వృథా అని కాదు. హెచ్‌ఆర్ వాళ్లు ముందు వెతికేది ఆ పేరే. కానీ అందులో వైర్‌లెస్ పైపైనే ఉంటుంది. సీసీఎన్ఏ వైర్‌లెస్ అని విడిగా ఒకటుండేది, 2020 ఫిబ్రవరిలో సిస్కో తీసేసింది. పాత పుస్తకాలు చూసి దాని కోసం వెతక్కండి.

సీడబ్ల్యూఎన్ఏ తర్వాత డిజైన్‌కి సీడబ్ల్యూడీపీ, సెక్యూరిటీకి సీడబ్ల్యూఎస్‌పీ, ప్యాకెట్ల విశ్లేషణకి సీడబ్ల్యూఏపీ ఉన్నాయి. నా ఓటు చివరిదానికే (ఇది నా పిచ్చి అనుకోండి). డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ ఉన్న వై-ఫైలో, పాస్‌వర్డ్ తప్పు కొట్టిన ఫోన్‌ని వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు పట్టి చూపించే సాఫ్ట్‌వేర్) ఒకసారి పట్టి చూడండి: ఫోర్-వే హ్యాండ్‌షేక్‌లో (కనెక్ట్ అయ్యేముందు ఫోన్, యాక్సెస్ పాయింట్ ఇచ్చిపుచ్చుకునే నాలుగు మెసేజ్‌లు) ఒకటి, రెండు మెసేజ్‌లే కనబడతాయి, మూడోది రాదు. అది కళ్లారా చూశాక 'వై-ఫై కనెక్ట్ అవట్లేదు' అన్న కంప్లెయింట్ వస్తే టెన్షన్ ఉండదు. వీటన్నిటికీ పైనున్న సీడబ్ల్యూఎన్ఈకి సీడబ్ల్యూఎన్ఏతో కలిపి ఈ నాలుగూ కావాలి, ఏళ్ల అనుభవమూ కావాలి, కాబట్టి ఇప్పుడే దాని ఊసు వద్దు. సీడబ్ల్యూఎన్ఏ గడువు మూడేళ్లు. ఆలోగా పై పరీక్షల్లో ఒకటి పాసైతే అదీ రెన్యూ అయిపోతుంది.

పుస్తకంతో పాటే ఒక యూఎస్‌బీ వై-ఫై అడాప్టర్ కొనుక్కోండి. కొనేముందు మానిటర్ మోడ్ (చుట్టూ గాల్లో వెళ్లే వై-ఫై ప్యాకెట్లన్నీ పట్టే పద్ధతి) ఉందో లేదో చూసుకోండి, నేను చూసుకోకుండా రెండు కొన్నాను.