వినయం వేరు, వెనుకంజ వేరు

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లుగా ఒక సంస్థలో జమాఖర్చుల విభాగంలో పని చేస్తున్నాను. సమావేశాల్లో ఏదైనా చెప్పవలసి వస్తే "నేను పొరపడి ఉండవచ్చు, ఇది చిన్న విషయమేనేమో, కానీ..." అని మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. నేను చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోని సూచననే కాసేపటికి మరొకరు సూటిగా చెబితే అందరూ తల ఊపుతున్నారు. మాటతీరు మార్చుకొమ్మని నా స్నేహితురాలు అంటోంది. కానీ పైవారి ముందు దురుసుగా మాట్లాడడం నాకు చేతకాదు. అయినా, మాటలు మార్చుకున్నంత మాత్రాన ధైర్యం వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో 'దురుసుగా' అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. సూటిగా మాట్లాడితే అది దురుసుతనమే అవుతుందని మీరు భయపడుతున్నారు. మన భాషలో మర్యాదను తెలిపే మాటలు వేరు, సందేహాన్ని తెలిపే మాటలు వేరు. 'అండి', 'గారు', 'మీరు' అన్నవి ఎదుటివారికి మనమిచ్చే గౌరవం. 'ఏమో', 'అనుకుంటాను', 'పొరపడి ఉండవచ్చు' అన్నవి మనం చెబుతున్న విషయం మీద మనకే నమ్మకం చాలలేదని చెప్పేవి. "ఈ పద్దులో రెండు నెలల బాకీ చేరలేదండి" అన్న వాక్యంలో గౌరవానికి లోటు లేదు, అనుమానానికి చోటూ లేదు. అదే సంగతికి ముందొక 'పొరపడి ఉండవచ్చు', చివర ఒక 'ఏమో' తగిలిస్తే, మీరు పద్దులన్నీ సరిచూసి మరీ చెబుతున్నారన్న సంగతి వినేవారికి ఎలా తెలుస్తుంది?

దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. అమెరికాలో న్యాయస్థానాల భాషను అధ్యయనం చేసిన విలియం ఒబార్, ఆయన సహచరులు ఒకే సాక్ష్యాన్ని రెండు రకాలుగా చెప్పించి శ్రోతలకు వినిపించారు. ఒకదానిలో తడబాట్లు, 'బహుశా' వంటి మాటలు, 'నిజంగా', 'చాలా' వంటి అనవసరపు ఒత్తులు ఉన్నాయి; రెండవదానిలో అవి లేవు. 1978లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, సాక్షి స్త్రీ అయినా పురుషుడైనా, రెండవ తీరునే శ్రోతలు ఎక్కువగా నమ్మారు. అనుమానపు మాటలతో పాటు ఒత్తి చెప్పే మాటలు కూడా బలాన్ని తగ్గించే జాబితాలోనే చేరాయన్నది గమనించండి.

ఇలాంటి మాటతీరు ఆడవారికి స్వభావసిద్ధమని చాలామంది అనుకుంటారు. ఒబార్, బోమన్ అట్కిన్స్ 1980లో ప్రచురించిన పరిశీలన అందుకు భిన్నంగా ఉంది. సమాజంలో చిన్న హోదాలో ఉన్నవారిలో, న్యాయస్థానం కొత్తయినవారిలో, వారు స్త్రీలైనా పురుషులైనా, ఆ తీరు ఎక్కువగా కనిపించింది. నాకు ఇది ఎంతో ఊరట కలిగించే విషయం, ఎందుకంటే మనం నిలబడిన చోటు నేర్పిన మాటతీరును మనం మెల్లగా మార్చుకోగలం.

ఇక ధైర్యం సంగతి. మాట మార్చిన రోజునే ధైర్యం వస్తుందని నేను చెప్పను. మీరు సూటిగా చెప్పినా వినకూడదని నిశ్చయించుకున్నవారు వినకపోవచ్చు, అది మీ లోపం కాదు. అయితే మీకు తెలిసిన దాన్ని తెలిసినట్టుగా చెప్పి, ఆ తరువాత ఏ అనర్థమూ జరగలేదని మీరే చూసుకున్న కొద్దీ భయం తగ్గుతుంది. వచ్చే సమావేశంలో చెప్పదలచుకున్న మొదటి వాక్యాన్ని మాత్రం ముందుగా కాగితం మీద రాసుకోండి. నిజంగా సందేహం ఉన్న చోట 'ఏమో'ను ఉంచండి, అది నిజాయితీ. సరిచూసుకున్న చోట తీసేయండి. 'అండి'ని మాత్రం ఎక్కడా వదలనక్కరలేదు.

ప్రశ్న: ఎవరేమి అడిగినా కాదనలేక "చూస్తానండి" అంటాను. చివరికి ఆ పని నెత్తిన పడుతుంది. ఎలా తప్పించుకోవాలి?
– మరొక పాఠకుడు

జవాబు: మీరు 'కాదు' అన్న అర్థంలో 'చూస్తాను' అంటున్నారు, అడిగినవారు దాన్ని 'సరే' అని వింటున్నారు. వారు మళ్లీ అడగడంలో తప్పు లేదు.

'చేయలేను', 'చేయను' అన్న రెండు మాటలకు మధ్య ఉన్నది ఒక్క 'లే' అక్షరమే. మొదటిది అడ్డంకిని చెబుతుంది కనుక, ఎదుటివారు ఆ అడ్డంకిని తొలగించే దారి వెతుకుతారు. రెండవది మీ నిర్ణయాన్ని చెబుతుంది. మనతో మనం చెప్పుకునే మాటల్లోనూ ఈ తేడా పని చేస్తుంది. వెనెసా పాట్రిక్, హెన్రిక్ హాగ్ట్‌వెట్ 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ప్రలోభం ఎదురైనప్పుడు 'నేను తినను' అని చెప్పుకున్నవారిలో 64 శాతం మంది ఆరోగ్యకరమైన చిరుతిండిని ఎంచుకోగా, 'నేను తినకూడదు' అన్న ధోరణిలో చెప్పుకున్నవారిలో 39 శాతం మందే దాన్ని ఎంచుకున్నారు.

పెద్దలతో 'చేయను' అనడం కటువుగా తోస్తే, "ఈ వారం ఈ పని ఒప్పుకోవడం లేదండి" అనండి. కారణం ఒక్కటి చాలు. మూడు కారణాలు చెబితే, ఆ మూడింటికీ వారి దగ్గర మూడు పరిష్కారాలు సిద్ధంగా ఉంటాయి.