టెక్ సందేహాలు: వాచ్ లెక్క చెబుతోంది, నడక సాగడం లేదు

సందేహం: నాలుగు నెలల క్రితం స్మార్ట్‌వాచ్ కొన్నాను. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర నుంచి నడవాలనుకున్నాను. గత నెల వెళ్లింది 9 రోజులే. 10,000 అడుగుల టార్గెట్ చూస్తేనే టెన్షన్. నా నడక, ఫోన్ వాడకం లెక్కలు పంపుతున్నాను. ఏ యాప్ వాడాలి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

కొత్త యాప్ వద్దండి. నడకకు వెళ్లిన 9 రోజుల్లో 7 రోజులు, ముందు రాత్రి 11 లోపే మీరు ఫోన్ పక్కన పెట్టారు. మానేసిన రోజుల్లో చాలావాటికి ముందు రాత్రి రీల్స్ 12 దాటాయి. ఒక్క నెల లెక్కతో కారణం ఇదేనని తేల్చలేం. తొందరగా పడుకున్న రోజు మీకు పని తక్కువై ఉండొచ్చు. అందుకే పరీక్షించండి. ఒక వారం ఫోన్ ఛార్జర్ హాల్లో పెట్టండి, మరో వారం ఎప్పటిలా మంచం పక్కనే ఉంచండి. నడిచానా, లేదా అన్న ఒక్క మాటే రోజూ రాసుకోండి.

రీల్స్‌కు 30 నిమిషాల టైమర్ పెట్టినా లాభం లేదన్నారు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో వాడకాన్ని లెక్కగట్టే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్ అర్ధరాత్రి రీసెట్ అవుతుంది. 12 కాగానే మీకు మరో 30 నిమిషాలు వచ్చేస్తున్నాయి! దానికి బదులు 10:30కి బెడ్‌టైమ్ మోడ్ పెట్టి, గ్రేస్కేల్ ఆన్ చేయండి. రంగులు పోతే రీల్స్ అంతగా లాగవు. అలారానికి మామూలు గడియారం కొనుక్కోండి.

మీ పట్టుదలలో లోపమేమీ లేదు. రేపటి ఆరోగ్యం కన్నా ఇప్పటి సుఖమే మనకు పెద్దగా కనిపిస్తుంది. మనుషులు నిర్ణయాలు నిజంగా ఎలా తీసుకుంటారో చూసే బిహేవియరల్ ఎకనామిక్స్‌లో దీన్ని ప్రెజెంట్ బయాస్ అంటారు. అందుకే నిద్రమత్తులో తీసుకునే నిర్ణయాన్ని సాయంత్రమే తీసేసుకోవాలి. బూట్లు గుమ్మం దగ్గర, ఫోన్ హాల్లో.

అదీ చాలకపోతే మీ చెల్లెలి చేతిలో 1,000 రూపాయలు పెట్టండి. నడక మానిన రోజుకు 100 ఆమెదే. వచ్చే లాభం కన్నా పోయే డబ్బే మనల్ని ఎక్కువ కదిలిస్తుందని మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. ఒంట్లో బాగోలేని రోజుకు మాత్రం మినహాయింపు ముందే రాసుకోండి. లేదంటే ఇది శిక్షలా మారి నడకే మానేస్తారు.

ఇక ఆ 10,000 సంఖ్య 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) పేరు నుంచి వచ్చింది, డాక్టర్లు తేల్చిన కొలత కాదు. మీ సగటు 4,200. టార్గెట్ 5,000కి దించండి. వారంలో ఐదు రోజులు అందుకుంటే, అప్పుడు పెంచుదాం.

సందేహం: యూపీఐతో సాయంత్రం ఫుడ్ ఆర్డర్లకు ఎంత పోతోందో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, గాజువాక

ముందు మీ యూపీఐ యాప్‌లో చెల్లింపుల హిస్టరీ చూసి, గత మూడు నెలల ఆర్డర్లను సమయంతో సహా ఎక్సెల్ షీట్‌లో పెట్టండి. ఏ వేళకు చేయి జారుతోందో తెలుస్తుంది. తర్వాత యూపీఐకి జీతం పడే ఖాతా తీసేసి, వారానికి సరిపడా డబ్బు మాత్రమే ఉండే మరో ఖాతా లింక్ చేయండి. యూపీఐ లైట్ వాడుతుంటే ఆపేయండి. చిన్న మొత్తాలకు పిన్ అడగదు కాబట్టి ఆగి ఆలోచించే ఆ రెండు క్షణాలూ మీకు దక్కవు.