పాత ఇళ్ల గోడలు అంత మందంగా, ఇప్పటి గోడలు ఇంత సన్నగా ఎందుకుంటాయి?

అప్పట్లో ఇంటి బరువంతా గోడలే మోసేవి, ఇప్పుడు ఆ పని పిల్లర్లు, బీములు చేస్తున్నాయి కాబట్టి గోడ సన్నబడింది. ఇటుక గోడ నొక్కుడును బాగా తట్టుకుంటుంది కానీ వంగడం, సాగడం దానివల్ల కాదు. అంతస్తులు పెరిగేకొద్దీ కింది గోడను వెడల్పు చేసుకుంటూ పోవాల్సిందే. కాంక్రీటులో ఉక్కు చేరాక, సాగదీసే బలాన్ని ఆ ఉక్కు తీసుకుంటుంది. స్లాబు బరువు బీముకి, బీము నుంచి పిల్లర్‌కి, అక్కడి నుంచి పునాదికి దిగుతుంది. మధ్యలోని గోడ ఎండావానా ఆపితే చాలు. అందుకే మన అపార్ట్‌మెంట్లలో బయట 9 అంగుళాలు, లోపల నాలుగున్నర సరిపోతున్నాయి.

షికాగోలోని మోనాడ్నాక్ భవనంలో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1891లో పూర్తయిన 16 అంతస్తుల ఉత్తర భాగాన్ని మోసేది ఇటుక గోడలే. అడుగున వాటి మందం దాదాపు 6 అడుగులు! షాపులకు దక్కాల్సిన జాగా గోడలకే పోయింది. 1893లో కట్టిన దక్షిణ భాగానికి ఉక్కు చట్రం వాడారు.

గోడ సన్నగా ఉంటే బిల్డింగ్ బలహీనమని చాలామంది టెన్షన్ పడతారు. అది అపోహ. బలం పిల్లర్లలో, వాటిలోని ఇనుములో ఉంది. మనం నిజంగా పోగొట్టుకున్నది మందపాటి మట్టి గోడలిచ్చే వేసవి చల్లదనాన్ని. అలాగని ఏ గోడైనా కొట్టేయొచ్చు అనుకోవద్దు. హైదరాబాద్‌లో మైవాన్ (అల్యూమినియం అచ్చుల) పద్ధతిలో కడుతున్న టవర్లలో గోడల్నే కాంక్రీటుతో పోస్తున్నారు. అక్కడ బరువు మోసేది మళ్లీ గోడే, తలుపు కోసమైనా దాన్ని కోయించకూడదు.