చెల్లీ, యాన్ ఆర్బర్‌కి సూట్‌కేసులు సర్దే ముందు ఇది ఒకసారి చదువు

చెల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు సర్దుతున్న సామాను లిస్టు చెప్పినప్పట్నుంచి నాకు అదే ధ్యాస, అందుకే రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా. రెండు లావు స్వెట్టర్లు, ఒక రగ్గు, పది పట్టుచీరలు, అయిదు కిలోల బియ్యం అన్నావు. ఇందులో మొత్తానికి నీకు పనికొచ్చేవి ఆ పట్టుచీరలొక్కటేనే, అవీ పది అక్కర్లేదు. ఏప్రిల్ ఆఖరున అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కని అమెరికా వెళ్ళి అక్టోబర్ మూడోవారంలో వస్తున్నారు కదా, ఆ ఆరునెలల్లో ఆ ఊళ్ళో చలి, వాన, మంచి ఎండ, మళ్ళీ చలి అన్నీ చూస్తారు. మా వాడు అక్కడ చదివేటప్పుడు నేను రెండుసార్లు వెళ్ళొచ్చా, ఒకసారి అక్టోబర్ నుంచి మార్చి దాకా, ఇంకోసారి నీలాగే ఏప్రిల్‌లో వెళ్ళి ఎండాకాలం అంతా ఉన్నా. కాబట్టి నా మాట విను.

అన్నిటికంటే ముందు ఇది. అక్కడికి వెళ్ళేటప్పుడు ఇది చలికాలమా ఎండాకాలమా అని చూసి బట్టలు సర్దకూడదు, ఒక్క రోజుని చూసి సర్దుకోవాలి. ఏప్రిల్ ఆఖర్లో పొద్దున్నే లేచేసరికి 3 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నం 17, 18 కి వచ్చి ఎండ కాస్తుంది, పిల్లలేమో నిక్కర్లేసుకుని గడ్డిలో పడుకుంటారు, సాయంత్రానికి మబ్బు పట్టి గాలీ వానా, నేను వెళ్ళిన సంవత్సరం ఏప్రిల్‌లో మంచు కూడా పడింది. ఇవన్నీ బయట సంగతి, ఇంట్లోకి, బస్సులోకి, షాపులోకి అడుగుపెట్టగానే హీటర్. నువ్వు లావు స్వెట్టర్ ఒకటే వేసుకున్నావనుకో, బయట గాలికి అది ఆగదు, లోపలికి వచ్చాక చెమటలు పడతాయి, తీసేద్దామంటే లోపల ఏమీ లేదు. అదే పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే ఎక్కడ ఏది కావాలంటే అది తీసేసుకోవచ్చు. ఒంటికి అతుక్కుని ఉండే థర్మల్స్ రెండు జతలు, దాని మీద చీరో డ్రెస్సో, దాని మీద పల్చటి ఫ్లీస్ జాకెట్, అన్నిటి మీదా వాన గాలి రెండూ ఆపే హుడ్ ఉన్న జాకెట్, అంతే. థర్మల్స్, ఆ వాన జాకెట్ హైదరాబాద్ డెకాథ్లాన్‌లో దొరుకుతాయి. డిసెంబర్‌లో రోడ్డు పక్కన కొనుక్కుంటామే ఆ ఊలు స్వెట్టర్లు, అవి గుంటూరు చలికి చాలా మంచివి, కానీ అక్కడి గాలి వాటి కన్నాల్లోంచి సూదుల్లా దిగుతుంది, వాటిని ఇంట్లోనే ఉంచు. రగ్గు అయితే అసలు వద్దు, అమ్మాయి దగ్గర ఉంటాయి.

ఇప్పుడు ఎవ్వరూ చెప్పని సంగతి చెప్తా, చీర మీదకి వేసుకునే జాకెట్లు. నీ జాకెట్లన్నీ ఒంటికి పట్టేసినట్టు కుట్టించుకుంటావు కదా, లోపల థర్మల్ వేస్తే ఒక్క హుక్కు కూడా పడదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇదే జరిగి నెల రోజులు చీర కట్టలేకపోయా, కట్టుకుందామనే తీసుకెళ్ళిన చీరలు పెట్టెలోనే ఉండిపోయాయి, చాలా బాధేసింది. రేపే టైలర్ దగ్గరికి వెళ్ళి మూడు జాకెట్లు ఫుల్ హ్యాండ్స్‌తో, ఒక అంగుళమున్నర వదులుగా కుట్టమను, వెళ్ళేటప్పుడు ఆ థర్మల్ వేసుకునే వెళ్ళి దాని మీద కొలత ఇవ్వు. ఏ చీర మీదకైనా వచ్చేలా ఒకటి నలుపు, ఒకటి మెరూన్, ఒకటి గంధం రంగు చాలు. పావడా కింద థర్మల్ ప్యాంటు వేసుకుంటే కాళ్ళకి హాయిగా ఉంటుంది. పట్టుచీరలు పది ఎందుకే, ఫంక్షన్‌కి ఒకటి, గుడికి ఒకటి, ఎవరైనా భోజనానికి పిలిస్తే ఒకటి, మూడు చాలు. నోవై అనే ఊళ్ళో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, అరగంట ప్రయాణం, నువ్వు తప్పకుండా వెళ్తావు, నాకు తెలుసు. మిగతావి కాటన్‌వి ఓ నాలుగు, అవి జులైలో కావాలి. రోజువారీకి డ్రెస్సులే నయం, తడి నేల మీద చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోతాయి.

తర్వాత కాళ్ళు. చెప్పులు, శాండల్స్ ఇంట్లోకి ఒక జత పెట్టుకో, బయటికి మాత్రం బూట్లే. తడవని, జారని బూట్లు, మామూలు సైజు కంటే అర సైజు పెద్దవి తీసుకో, లావు సాక్స్ పట్టాలి. చీర మీద బూట్లు బాగోదని ఆలోచించకు, అక్కడ ఎవ్వరూ నీ కాళ్ళ వంక చూడరు. సాక్స్ మాత్రం ఎనిమిది జతలు పెట్టుకో, తడిసిన సాక్స్‌తో తిరిగితే మర్నాడే జలుబు అని కాదుగానీ నీకసలే మడమల నొప్పి, ఆ చల్లదనానికి బిగుసుకుపోతాయి.

ఫంక్షన్ గురించి విడిగా చెప్పాలి, అసలు మీరు వెళ్ళేదే దానికోసం కదా. గ్రాడ్యుయేషన్ మే మొదట్లో మిషిగన్ స్టేడియంలో జరుగుతుంది, అందరూ బిగ్ హౌస్ అంటారు, 1927లో కట్టింది, 1,07,601 మంది పడతారు, పైన కప్పు ఏమీ లేదు. పొద్దున్నే వెళ్ళి రెండు మూడు గంటలు రేకు బెంచీల మీద కూర్చోవాలి, ఆ బెంచీలు ఎంత చల్లగా ఉంటాయంటే పట్టుచీర కట్టుకుని కూర్చున్న అయిదు నిమిషాలకి చలి నడుములోకి ఎక్కుతుంది. కూర్చోడానికి పాత టర్కీ టవల్ ఒకటి మడిచి తీసుకెళ్ళండి, మరిదిగారికి కూడా ఒకటి. అదే రోజు పదకొండు దాటాక ఎండొస్తే నెత్తి మాడుతుంది, అందుకని టోపీ, సన్‌స్క్రీన్ కూడా ఉండాలి. గొడుగు తీస్తే వెనకాల వాళ్ళకి కనబడదు, పైగా ఆ గాలికి తిరగబడిపోతుంది, హుడ్ జాకెట్టే మేలు. బ్యాగుల విషయంలో వాళ్ళు చాలా కచ్చితంగా ఉంటారు, ఏవి రానిస్తారో ముందురోజే వెబ్‌సైట్‌లో చూడమని అమ్మాయికి చెప్పు, లేకపోతే గేటు దగ్గర నీ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని కారు దాకా వెనక్కి నడవాలి. మా వాడి ఫంక్షన్‌కి నేను పట్టుచీర మీద ఫ్లీసు, దాని మీద వాన జాకెట్ వేసుకుని కూర్చుని, వాడి డిపార్ట్‌మెంట్ వాళ్ళని లేచి నిలబడమనగానే రెండూ తీసేసి చీరతో నిలబడి చప్పట్లు కొట్టా, మీ బావగారు ఆ ఫొటో తీశారు, ఇప్పటికీ హాల్లో ఉంది. నువ్వు కూడా అలాగే దిగాలి, అందుకే ఇన్నిసార్లు ఈ సంగతి చెప్తున్నా.

సూట్‌కేసులు ఎలా సర్దాలో కూడా విను. ఇద్దరికీ కలిపి నాలుగు పెట్టెలు ఉంటాయి కదా, ఒక్కోటి 23 కిలోలు అని నువ్వే అన్నావు, టికెట్‌లో మళ్ళీ ఒకసారి చూసుకో. నీ బట్టలన్నీ నీ పెట్టెలో, మరిదిగారివి ఆయన పెట్టెలో అలా సర్దొద్దు, సగం సగం కలిపి సర్దు. రెండోసారి మేం వెళ్ళినప్పుడు సరిగ్గా నా బట్టలున్న పెట్టె రాలేదు, మూడు రోజులకి వచ్చింది, ఆ మూడు రోజులూ బయట మంచు, నేను మా వాడి స్వెట్ షర్టులు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నా. అందుకే చేతి బ్యాగులో కూడా ఇద్దరికీ ఒక జత బట్టలు, థర్మల్స్, సాక్స్ ఉండాలి. బూట్లు వేసుకునే ఎక్కండి, జాకెట్ చేతి మీద వేసుకోండి. శంషాబాద్‌లో ఆ రోజు 40 డిగ్రీలుంటే జాకెట్ పట్టుకోవడం విసుగ్గానే ఉంటుంది, కానీ దిగాక డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు తలుపు తెరుచుకోగానే నన్ను తలుచుకుంటావు.

మందులు మొత్తం చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో ఒక్కటి కూడా వద్దు. మరిదిగారి బీపీ, షుగర్ మాత్రలు ఆరునెలలకీ ప్లస్ ఇంకో పదిహేను రోజులకీ, షీట్లలోంచి తీసి డబ్బాల్లో పోయకు, అలాగే ఉంచు, డాక్టర్ చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లీషులో రాయించు. కళ్ళజోడు ఇంకో జత. పవర్ బ్యాంకు కూడా చేతి బ్యాగులోనే.

తిండి సంగతికొస్తే, బియ్యం తీసెయ్. ఖాప్రా అని ధాన్యానికి పట్టే పురుగు ఉంది, దాని భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యం, శనగలు వాళ్ళు రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అంతే, నిమ్మజాతి చెట్లకి వచ్చే తెగులు దాంతో వస్తుందని. మామిడిపళ్ళు సంచిలో పెట్టాలని నీకు చెయ్యి లాగుతుంది, బంగినపల్లి అప్పుడే మొదలవుతుంది కదా, వద్దమ్మా, తీసి పారేస్తారు, చూస్తూ నిలబడాలి. బియ్యం, పప్పులు, కరివేపాకు అన్నీ అక్కడ ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. ఎండు కొబ్బరి చిప్పలు కూడా పెట్టొద్దు, నూనె ఎక్కువ ఉంటుందని మన ఎయిర్‌పోర్టులోనే తీయిస్తారు. అక్కడ దొరకనిది మన చేతి పచ్చడి, దానికి చోటు ఉంచు. కొత్తావకాయ అప్పటికి పడదు కాబట్టి పోయినేడాది జాడీలోది, గోంగూర, ఉసిరికాయ, నూనె పైకి తేలకుండా కొంచెం వంచేసి, జిప్ కవర్‌లో పోసి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టి, టేపు చుట్టి, పాత తువ్వాలులో చుట్టి చెక్-ఇన్‌లో బట్టల మధ్యన పెట్టు. కారం, సాంబారు పొడి, కందిపొడి కూడా చెక్-ఇన్‌లోనే, చేతి బ్యాగులో పొడులు ఎక్కువ ఉంటే తీసి చెక్ చేస్తూ కూర్చుంటారు. తినేవి ఏమైనా తెచ్చారా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, భయపడి లేదనకు, లేదని చెప్పి దొరికితేనే ఫైను. మిక్సీ తీసుకెళ్ళకు, అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది తిరగదు. ఫోన్ చార్జర్లకి మాత్రం అడాప్టర్లు రెండు కొను.

ఒంటికి రాసుకునేది మర్చిపోకు. ఆ హీటర్ గాలికి చర్మం పొలుసులు లేస్తుంది, పెదాలు చిట్లుతాయి, ముక్కులో ఎండిపోయి ఒకోసారి రక్తం కూడా వస్తుంది, మొదటి వారం నేను చాలా కంగారుపడ్డా. వాసెలిన్, పెదాలకి బామ్, మంచి మాయిశ్చరైజర్ పెద్దది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, అక్కడ సీసాలోంచి రాదు, వెడల్పు మూత ఉన్న డబ్బాలో పోసుకెళ్ళు.

మే నెలాఖరు నుంచి ఊరు మారిపోతుంది చెల్లీ, ఆ సంగతి కూడా చెప్పాలి, నువ్వు మరీ చలి అని బెంగపడుతున్నావు. ఆర్బరీటం అని యూనివర్సిటీ వాళ్ళ తోట ఉంది, హ్యూరాన్ నది పక్కనే, జూన్ మొదట్లో అక్కడ పియొనీ పూలు పూస్తాయి, ఒక్కో పువ్వు మన ముద్దబంతికి రెండింతలు, నువ్వు రోజూ వెళ్తావు. అక్కడ గడ్డిలో పిడుదులు ఉంటాయి, ప్యాంటు సాక్స్‌లోకి దోపుకుని నడు, ఇంటికొచ్చాక కాళ్ళు చూసుకో. జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగే, నిద్ర పట్టదు, కళ్ళకి కట్టుకునే నల్ల పట్టీ ఒకటి పెట్టుకో. జులైలో రోడ్లన్నీ మూసేసి ఆర్ట్ ఫెయిర్ పెడతారు, అప్పుడు 30 డిగ్రీల ఉక్క, కాటన్ చీరలు అప్పుడు తీయి, అయినా షాపుల్లో ఏసీ వణికిస్తుంది కాబట్టి పల్చటి శాలువా ఎప్పుడూ భుజాన ఉండాలి.

సెప్టెంబర్ ఆఖరు నుంచి మళ్ళీ పొద్దున్నపూట చలి, అక్టోబర్‌కి చెట్లన్నీ ఎరుపు, పసుపు అయిపోతాయి, మీరు వచ్చేసే వారమే అది బాగా చూడాల్సిన సమయం. అప్పటికి లావు కోటు కావాలనిపిస్తే ఇక్కడ్నుంచి మోసుకెళ్ళకండి, కివానిస్ అనే సేవాసంఘం వాళ్ళు వాడిన సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ సేల్‌లో మంచి కోట్లు తక్కువకి దొరుకుతాయి, వచ్చేటప్పుడు మళ్ళీ వాళ్ళకే ఇచ్చేసి రండి, పెట్టెలో చోటు మిగులుతుంది. ఆ రోజుల్లో శనివారాలు ఊళ్ళో ఫుట్‌బాల్ ఉంటే కారులో బయటికి వెళ్ళొద్దు, ఊరు ఊరంతా పసుపు నీలం బట్టలేసుకుని రోడ్ల మీదే ఉంటుంది. దగ్గర్లో డెక్స్‌టర్ అనే ఊళ్ళో 1886 నుంచి నడుస్తున్న, యాపిల్ రసం తీసే సైడర్ మిల్లు ఉంది, వేడివేడి యాపిల్ సైడర్ ఇస్తారు, మరిదిగారిని తీసుకెళ్ళమను, ఆయన షుగర్‌కి అర గ్లాసు చాలు.

ఇంకొకటి, ఫోన్‌లో వాతావరణం ఫారెన్‌హీట్‌లో చూపిస్తుంది, అందులోంచి 30 తీసేసి సగం చేస్తే మన డిగ్రీలు దాదాపు వచ్చేస్తాయి, 50 ఉంటే 10 అన్నమాట. బయటికి వెళ్ళేముందు అది, గాలి ఎంతుందో, సాయంత్రం వాన ఉందో లేదో మూడూ చూసుకో, పొద్దున కిటికీలోంచి ఎండ కనబడిందని జాకెట్ లేకుండా వెళ్ళకు.

సామాను తూచే చేతి కాటా నా దగ్గర ఉంది, నా థర్మల్స్ ఒక జత కూడా ఉన్నాయి, నీకు సరిపోతాయి. ఆదివారం పొద్దున తెనాలి నుంచి బయల్దేరి వస్తా, ఈలోపు ఆ పెట్టెలు కట్టెయ్యకుండా మంచం మీదే పరిచి ఉంచు, ఇద్దరం కూర్చుని మళ్ళీ సర్దుదాం.

మీ అక్క