బ్లూరే ప్లేయర్‌లో బిట్‌స్ట్రీమ్ పెట్టినా రిసీవర్ మీద పీసీఎం అనే ఎందుకు వస్తోంది?

కూకట్‌పల్లి నుంచి అడిగినవారి కనెక్షన్ ఇలా ఉంది: ప్లేయర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ లేని పాత 5.1 రిసీవర్‌కి (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ నడిపేది) ఆప్టికల్, అంటే కాంతితో సౌండ్ పంపే వైరు. వెనక స్పీకర్లు మోగడం లేదు.

బిట్‌స్ట్రీమ్ అంటే డిస్క్‌లోని సౌండ్‌ని విప్పకుండా రిసీవర్‌కి పంపడం, పీసీఎం అంటే ముందే విప్పేసి పంపడం. మెనూలో తప్పేమీ లేదండీ, సౌండ్ వెళ్లే దారిలోనే ఉంది చిక్కంతా. హెచ్‌డీఎంఐ తగిలించగానే టీవీ తను ఏ ఫార్మాట్లు తీసుకోగలదో ప్లేయర్‌కి చెబుతుంది. స్టీరియో పీసీఎం ఒక్కటే చెప్పే టీవీలు చాలా ఉన్నాయి, ప్లేయర్ అంతవరకే పంపుతుంది. 5.1 తీసుకుని కూడా ఆప్టికల్ లోంచి రెండు ఛానెళ్లే వదిలే టీవీలూ ఉన్నాయి. కాబట్టి మధ్యలోంచి టీవీని తప్పించండి.

ప్లేయర్ వెనక ఆప్టికల్ గానీ, కొయాక్సియల్ అని రాసిన జాక్ గానీ ఉందేమో చూడండి. ఉంటే నేరుగా రిసీవర్‌కి కలపండి. కొయాక్సియల్‌కి ఖరీదైన వైరు అక్కర్లేదు, పాత వీడియో కేబుల్‌లోని పసుపు పిన్ను వైరు చాలు, అదీ 75 ఓమ్‌లదే. రెండూ లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అని అడగండి. ప్లేయర్‌కీ టీవీకీ మధ్య పెడితే హెచ్‌డీఎంఐలోంచి సౌండ్‌ని విడదీసి ఆప్టికల్‌లో రిసీవర్‌కి ఇచ్చే చిన్న డబ్బా అది. దాని మీద చిన్న స్విచ్ ఉంటుంది, అది 5.1 దగ్గర ఉండాలి. పాస్ దగ్గర వదిలేస్తే మళ్లీ టీవీ మాటే చెల్లుతుంది.

ఇప్పుడు రిసీవర్ వాల్యూమ్ బాగా తగ్గించి ప్లేయర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. డిజిటల్ అవుట్‌పుట్ బిట్‌స్ట్రీమ్. చవక డీవీడీ ప్లేయర్లలో దీన్నే ఎస్పీడీఐఎఫ్ రా అంటారు. ఇక్కడ పీసీఎం పెడితే 5.1 రానే రాదు, ఎందుకంటే ఆప్టికల్, కొయాక్సియల్ రెండింట్లోనూ పీసీఎం రెండు ఛానెళ్లకు మించి పట్టదు. డాల్బీ డిజిటల్, డీటీఎస్ కుదించినవి కాబట్టే 5.1గా వెళ్తాయి. బ్లూరేల్లో ఉండే ఇంకా పెద్ద డాల్బీ ఫార్మాట్లు ట్రూహెచ్‌డీ, అట్మాస్ ఈ దారిన రావు. అవి కావాలంటే హెచ్‌డీఎంఐ ఉన్న రిసీవరే కొనాలి, అప్పుడు మాత్రం సెకండరీ ఆడియో, కొన్నిట్లో బీడీ ఆడియో మిక్స్ అనే ఆప్షన్ ఆఫ్ చేయడం మరవకండి. అది ఆన్‌లో ఉంటే మెనూ చప్పుళ్లు కలపడానికి ప్లేయర్ అసలు ట్రాక్‌ని విప్పేస్తుంది, అట్మాస్ పోతుంది.

రిసీవర్‌లో డీఆర్‌సీ, అంటే పెద్ద చప్పుళ్లకీ చిన్న చప్పుళ్లకీ మధ్య తేడా తగ్గించే ఆప్షన్, ఆఫ్ చేయండి. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట సినిమా చూస్తే ఆన్ చేసుకోవచ్చు. ప్లేయర్‌లోని స్పీకర్ సైజు, దూరం సెట్టింగ్స్ జోలికి వెళ్లకండి, బిట్‌స్ట్రీమ్ మీద వాటి ప్రభావం ఉండదు.

పరీక్షించే డిస్క్‌లో 5.1 ట్రాక్ ఉండాలి, రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి దాన్నే ఎంచుకోవాలి. వీసీడీల్లో, మామూలు ఆడియో సీడీల్లో ఉండేది స్టీరియోనే, వాటితో పరీక్షించకండి. రిసీవర్ మీద డాల్బీ డిజిటల్ అనో డీటీఎస్ అనో రావాలి. ప్రో లాజిక్ అని వస్తే అది స్టీరియోని పరిచి వినిపిస్తున్నట్టు. డాల్బీ వచ్చి డీటీఎస్ డిస్క్‌కి మాత్రం సౌండ్ లేకపోతే, లేదా గరగరమంటే, రిసీవర్‌లో డీటీఎస్‌ని విప్పే డీకోడర్ లేకపోయి ఉండొచ్చు. అదే డిస్క్‌లో డాల్బీ ట్రాక్‌కి మారండి.

టీవీని తప్పించాక పెదాల కన్నా ముందే మాట వినపడవచ్చు. రిసీవర్‌లో ఆడియో డిలే 40 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి 20 చొప్పున పెంచుతూ చూడండి.